నోటు చెల్లని నాడు

1945లో యుద్ధంలో ఓడిన జర్మనీలో మార్కు నోట్లకు కొదవ లేదు. వాటికి సరుకిచ్చేవాడే లేడు. ఆకలికి తాళలేక పట్నవాసులు కిక్కిరిసిన రైళ్లలో పల్లెలకు పోయి, దుప్పట్లు, గడియారాలు, తివాచీలు ఇచ్చి బంగాళాదుంపలు తెచ్చుకునేవారు. తివాచీ ఎంత ఖరీదైతేనేం? సగం కోసి ఇవ్వలేరు. రైతుకు రెండోది అక్కర లేదు. అమెరికా సిగరెట్టు మాత్రం నాణెంలా చెల్లింది. చిన్నది, లెక్కకు వస్తుంది, ఎవరో ఒకరికి కావాలి. అయితే కాలిస్తే బూడిదే! జోడు కుట్టే చేయి, పార సరిచేసే చేయి వాడినకొద్దీ తరగవు. మన పల్లెల్లోనూ కమ్మరికీ వడ్రంగికీ కళ్లంలోనే మేర కొలిచేవారు. అందులో నోటు ఊసే లేదు.

1948 జూన్ 20న పశ్చిమ జర్మనీలో కొత్త మార్కులు మనిషికి మొదట 40 వంతున పంచారు. మర్నాటికే దాచిన సరుకంతా అంగళ్లకెక్కింది.