లినక్సు కంప్యూటరులో తెలుగు పాఠము

హుజూర్‌నగర్‌లో నేను పాఠము చెప్పు కళాశాలలో, భౌతికశాస్త్ర ప్రయోగశాల బీరువాలో, కటకముల పెట్టె ప్రక్కన ఒక సీడీ యున్నది. సమీప గ్రామపు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడొకరు కొన్ని ఏండ్ల క్రిందట దానిని తెచ్చి నా చేతిలో పెట్టిరి. కుంభాకార కటకము ముందు కొవ్వొత్తిని జరుపుచున్న కొలది ప్రతిబింబము ఎట్లు మారునో అందులో తెలుగు వ్యాఖ్యానముతో చూపినట్లు అట్టపై వ్రాసి యున్నది. ఆ పాఠశాలలోని కంప్యూటరులు పాతవి. వానిలోని విండోసు పాడై, వైరసులు చేరి మొరాయించుచుండగా, ఇంజనీరింగు చదువుచున్న పూర్వవిద్యార్థి యొకడు సెలవులలో వచ్చి అన్నిటిలోను లినక్సు ఎక్కించి పోయెను. కంప్యూటరులు బాగుపడినవి, సీడీ మాత్రము తెరచుకొనలేదు. దానిని తయారుచేసిన సంస్థకు ఫోను చేసితిమి. అవతలివారు మర్యాదగనే మాటాడిరి. "మాది విండోసులోనే నడుస్తుందండీ. లినక్సు వాడేవాళ్ళు ఎంతమంది ఉంటారు సార్, వాళ్ళకోసం మళ్ళీ తయారు చేయటానికి?" అనిరి.

వ్యాపారము చేయువాడు అడుగవలసిన ప్రశ్నయే అది. దానికి జవాబు చెప్పుటకు కొంత చరిత్ర చెప్పవలసి యున్నది.

ముందుగా, విండోసులో నడచు పాఠము లినక్సులో ఏల నడువదో విద్యార్థులు తెలిసికొనవలెను. మా ప్రాంతమునకు నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు వచ్చును. పొలమునకు నీరు కావలసిన రైతు తానే పోయి తూము తలుపు ఎత్తరాదు, లష్కరుతో చెప్పవలెను. కంప్యూటరులో ఆపరేటింగు సిస్టము అట్టి లష్కరు. పాఠమును చూపు ప్రోగ్రాము తెరపై బొమ్మ గీయవలెనన్నను, స్పీకరులో మాట పలికింపవలెనన్నను, డిస్కు నుండి ఒక పుట చదువవలెనన్నను, ఆ యంత్రభాగములను తాను ముట్టదు. ఆపరేటింగు సిస్టమును అడుగును. అడుగు పద్ధతి విండోసులో ఒకటి, లినక్సులో మరియొకటి. ప్రోగ్రామును ఫైలుగా కట్టు పద్ధతియు వేరే. రెండింట ప్రాసెసరు ఒకటే కావచ్చును, కూడికలు తీసివేతలు ఒకే తీరున జరుగవచ్చును; అయినను ఒక లష్కరుకు తెలిసిన భాష రెండవవానికి తెలియదు. లినక్సులో 'వైన్' అను దుబాసీ ప్రోగ్రాము కలదు. అది విండోసు మాటలను లినక్సు మాటలుగా మార్చి అందించును. మేము దానినిగూడ ప్రయత్నించితిమి. కొవ్వొత్తి కనబడెను గాని తెలుగు అక్షరములు కనబడలేదు. వాని స్థానమున ఆంగ్లాక్షరములు, విరామ చిహ్నములు గుంపుగా నిలిచినవి.

ఈ అక్షరముల కథ కొంత పెద్దది.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు యూనిక్సు అను ఆపరేటింగు సిస్టమును ప్రారంభించిరి. అట్టిదే, ఎవరైనను చదువుటకు, మార్చుటకు, పంచుటకు వీలున్న వ్యవస్థను నిర్మింతునని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించి 'గ్నూ' పనిని చేపట్టెను. దానికి ముఖ్యముగా లోపించిన నడిమి భాగమును హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్ సమకూర్చెను. 1991 ఆగస్టు 25న ఆయన తన పనిని లోకమునకు తెలుపుచు, ఇది సరదాకు చేయుచున్నదే గాని పెద్దది కాబోదని చెప్పుకొనెను. నేడు మన ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోను ఉన్నది ఆ లినక్సు కెర్నెలే. కనుక లినక్సు వాడువారు ఎందరను ప్రశ్నకు, జేబులో ఫోనున్న ఉపాధ్యాయులలో చాలమంది అని చెప్పవచ్చును. అయితే ఫోనులోని పైపొర వేరు, బల్లమీది కంప్యూటరులోని పైపొర వేరు. కావున ఈ వాదమును అతిగా సాగదీయరాదు.

అదే 1991లో, అక్టోబరు నెలలో, యూనికోడ్ మొదటి సంపుటము వెలువడెను. అందులో తెలుగునకు 128 స్థానములు కేటాయించిరి. లినక్సు పుట్టిన ఏడే తెలుగు అక్షరమునకు లోకమంతట చెల్లు సంఖ్య ఏర్పడినదన్న మాట. కాని సంఖ్య ఏర్పడినంతనే అక్షరము తెరపైకి రాదు. 'స్త్రీ' అను మాటను చూడుడు. కంప్యూటరు దీనిని స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘము అని ఆరు సంఖ్యలుగా దాచుకొనును. తెరపై చూపునప్పుడు ఆ ఆరింటిని కలిపి, వత్తులను క్రిందను ప్రక్కను అమర్చి, గుడిదీర్ఘమును పైన పెట్టి ఒకే అక్షరముగా కూర్చవలెను. ఈ కూర్పు ఆపరేటింగు సిస్టము ఎరుగవలసిన విద్య. అది ఎరుగని కాలములో మన ప్రచురణకర్తలు ఒక ఉపాయము పన్నిరి. ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు అక్షర ఖండములను కూర్చిన ఫాంటులు చేసిరి. ఆ ఫాంటు ఉన్న యంత్రములో అది చక్కని తెలుగు. లేని యంత్రములో అర్థములేని గుర్తులు. వారిని తప్పుపట్టజాలము, ఆనాడు వేరు దారి లేదు. 2001లో వచ్చిన విండోసు ఎక్స్‌పి తెలుగు యూనికోడ్‌ను, గౌతమి అను ఫాంటును వెంట తెచ్చెను. తరువాత కొలది ఏండ్లలో లినక్సును ఆ విద్య నేర్చినది. అటుపైన గూడ పాఠములను పాత పద్ధతి ఫాంటులలోనే కూర్చుచు పోవుటకు అలవాటు తప్ప వేరు కారణము నాకు కనబడదు. మా సీడీ ఆ తరగతిలోనిదే.

లినక్సుకు తెలుగు నేర్పినవారిలో ఎక్కువమంది జీతమునకు చేసినవారు కారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అను యూనికోడ్ ఫాంటులను రూపొందించి స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చిరి. అవి నేటికిని డెబియన్ లినక్సు భాండారములో దొరకును. హైదరాబాదు కేంద్రముగా 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ డెబియన్ ఆధారముగా తెలుగు ఆపరేటింగు సిస్టమును సిద్ధపరచెను. ఫైలు, సంచయము, వెదకుము మొదలగు వందలకొలది చిన్న మాటలను విద్యార్థులు, ఉద్యోగులు తీరిక వేళలలో తెలిగించిరి. ఆ మాటలలో కొన్ని నాకు రుచింపవు. అయినను పని జరిగినది. 2007లో భారత ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 'బాస్' అను లినక్సును విడుదల చేసెను. బడులకై దానికి ఎడ్యుబాస్ అను రూపము గూడ ఏర్పడెను. ఇట్లు బడిపిల్లలు వాడదగిన తెలుగు లినక్సు అందుబాటులోనికి వచ్చినది. రానిది దానిలో నడచు తెలుగు పాఠము.

కేరళలో ఈ చిక్కు వేరు విధముగా తీరినది. 2001లో అక్కడ ఐటి అట్ స్కూల్ అను పథకము విండోసుతోనే మొదలయ్యెను. కొన్ని ఏండ్ల వాదోపవాదముల తరువాత, 2000 దశకపు రెండవ సగములో, ప్రభుత్వ పాఠశాలలన్నియు క్రమముగా లినక్సునకు మారెను. పదవ తరగతి పరీక్షలో కంప్యూటరు ప్రయోగముండుటచే పాఠ్యపుస్తకము, ఉపాధ్యాయుల శిక్షణ, పరీక్ష మూడును ఒకే వ్యవస్థపై నిలిచెను. 2017లో ఆ పథకము 'కైట్' అను సంస్థగా మారెను. 2019లో ఆ సంస్థ తన లినక్సు కొత్త రూపమును విడుదల చేయుచు, రెండు లక్షలకు పైబడిన బడి కంప్యూటరులపై దీనిని వాడుటవలన 3000 కోట్ల రూపాయలు మిగులునని చెప్పెను. అనగా యంత్రమునకు లక్షన్నర. ప్రతి సాఫ్టువేరును పూర్తి వెలకు కొన్నట్లు వేసిన లెక్క యని నా అనుమానము. సగమునకు సగము కొట్టివేసినను మిగులునది తక్కువ కాదు. కాని నాకు డబ్బు కంటె ముఖ్యముగా తోచునది వేరొకటి. అక్కడ పాఠము తయారుచేయువాడు లినక్సు వాడువారు ఎందరని అడుగనక్కర లేదు. బడి ఏది వాడుచున్నదో అతనికి ముందే తెలియును.

మన వైపునగూడ ప్రయత్నములు లేకపోలేదు. 2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 5000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటరులు ఇచ్చు పెద్ద పథకము చేపట్టెను. కేంద్ర ప్రభుత్వము 2012లో ప్రకటించిన పాఠశాల విద్యా సాంకేతిక విధానము ఓపెన్ సోర్సు సాఫ్టువేరునకే మొగ్గు చూపవలెనని చెప్పినది. టాటా సామాజికశాస్త్ర సంస్థ, అమెరికాలోని ఎమ్.ఐ.టి., టాటా ట్రస్టులు కలిసి 2015లో మొదలుపెట్టిన 'క్లిక్స్' పథకము తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో గణితము, విజ్ఞానశాస్త్రము, ఆంగ్లము పాఠములను తెలుగు మాధ్యమమునకు గూడ అందించెను. దాని ఏర్పాటు గమనింపదగినది. బడిలో ఒక కంప్యూటరు సర్వరుగా ఉండును. తక్కినవి బ్రౌజరు ద్వారా దాని నుండి పాఠము తెచ్చుకొనును. ఇంటర్నెట్టు లేకున్నను పని నడచును. బ్రౌజరు అన్ని వ్యవస్థలలోను ఉండునది గనుక, పిల్లవాని ముందున్న యంత్రములో ఏ లష్కరు ఉన్నను చిక్కు లేదు.

పాఠములు తయారుచేయువారు రెండు అభ్యంతరములు చెప్పుదురు. లినక్సులు అనేకము, దేనికని పరీక్షింపవలెను? లినక్సు వారు దేనికిని వెల ఇయ్యరు గదా? మొదటిదానిలో నిజమున్నది. ఉబుంటు, డెబియన్, బాస్, ఫెడోరా ఇట్లు పేరులు చాల గలవు. అయితే డెబియన్ కుటుంబములోని ఒక రూపముపై పరీక్షించినచో బడులలో కనబడు వానిలో చాలవరకు చెల్లును. రెండవదానికి కొంత మేము కూడ కారకులము. స్వేచ్ఛ అనినచో ఉచితమని అర్థము చేసికొన్నవారు మాలో కొందరున్నారు. పాఠమునకు వెల పెట్టుట తప్పు కాదు. ఆ వెల చెల్లించిన బడి తన యంత్రము మారినప్పుడు మరల చెల్లింపవలసి వచ్చుటయే తప్పు.

యంత్రము మారకున్నను క్రింది నేల మారుచునే యున్నది. విండోసు ఎక్స్‌పికి 2014 ఏప్రిల్ 8న రక్షణ నవీకరణలు నిలిచెను. ఏడవ విండోసుకు 2020 జనవరి 14న, పదవదానికి 2025 అక్టోబరు 14న సాధారణ రక్షణ ముగిసినది. పదకొండవది పాత యంత్రములలో పెక్కింటిపై ఎక్కదు. ఫ్లాష్ గతి ఇంకను విషాదకరము. ఒకప్పుడు కదలు బొమ్మల పాఠములలో చాలభాగము ఫ్లాష్‌లో చేసినవే. 2020 డిసెంబరు 31న దానికి తయారీదారు మంగళము పాడగా, ఆ పాఠములు విండోసులోనే నిద్రపోయినవి. విండోసునే నమ్ముకొన్నవారికి గూడ రక్షణ కలుగలేదన్న మాట. కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయములో నెలకొల్పిన ఫెట్ బృందము ఇది ముందుగనే ఎరిగి, జావాలోను ఫ్లాష్‌లోను చేసిన తన ప్రయోగములను ఏండ్ల తరబడి ఒకటొకటిగా బ్రౌజరుకు సరిపడు హెచ్.టి.ఎమ్.ఎల్.5 లోనికి మార్చినది. వానిలో కొన్ని నేడు తెలుగులోనే దొరకును, లినక్సులోను విండోసులోను ఒకే తీరున ఆడును. రెండు వ్యవస్థలకై రెండు మారులు శ్రమపడవలెనన్న భయము ఈ పద్ధతిలో చాలవరకు పోవును.

కావున కొనుగోలు చేయు ప్రధానోపాధ్యాయులకు నా మనవి యొకటి. పాఠముల సీడీ గాని పెన్‌డ్రైవు గాని కొనుటకు ముందు, మీ బడిలోని లినక్సు యంత్రములో అమ్మువాని చేతనే తెరపించి చూడుడు. అక్షరములు యూనికోడ్ అవునా కాదా అని అడుగుడు. ఒక వాక్యమును నకలు తీసి వేరొక చోట అతికించినచో తెలిసిపోవును. తెరచుకొననిచో ఏ వ్యవస్థకు కావలెనో కాగితముపై వ్రాసి ఇండు. ఫోనులో ఒకరు అడిగినది గాలిలో పోవును. ఇరువది బడులు వ్రాతమూలకముగా అడిగినచో, వాడువారు ఎందరన్న ప్రశ్నకు సంస్థవారి చేతిలోనే ఒక లెక్క యుండును.

ఇక ఆ ఉపాధ్యాయుని సంగతి. సాల్జ్‌బర్గ్‌లో మార్కస్ హోహెన్‌వార్టర్ విద్యార్థిదశలో మొదలుపెట్టిన జియోజిబ్రా అను గణిత సాఫ్టువేరు లినక్సులోను నడచును. ఆయన తొమ్మిదవ తరగతి పిల్లలను వెంట కూర్చుండబెట్టుకొని దానిలో కుంభాకార కటకమును గీచిరి. ప్రధానాక్షము, నాభి, వస్తువు, ప్రతిబింబము అని యూనికోడ్ తెలుగులోనే పేరులు వ్రాసిరి. వస్తువును మౌసుతో జరిపినచో కిరణములు వెంట కదలును. అది నాభి దాటి లోపలికి వచ్చినంతనే ప్రతిబింబము తలక్రిందులు మాని నిటారుగా, పెద్దదై, వస్తువు ఉన్న ప్రక్కకే వచ్చును. ఒక బాలిక వస్తువును సరిగా నాభిపై నిలిపి, ప్రతిబింబము ఎక్కడికి పోయెనని అడిగినదట. వ్యాఖ్యానము మాత్రము అందులో లేదు. తరగతి తరగతికి ఆయనే తెర ప్రక్క నిలిచి చెప్పుచున్నారు.