బొబ్బిలి యుద్ధస్మృతి: పాత్రక్రీడలో నిర్వాహకుని ధర్మం

ఉపోద్ఘాతం

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ చేరి, తలొక పాత్రను ధరించి, నిర్వాహకుని సమక్షంలో మాటలతోనే కథను నడిపే ఆటను టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. ఒకే కథ వారాల తరబడి సాగితే దానిని క్యాంపెయిన్ అంటారు. బొబ్బిలి యుద్ధాన్ని ఇటువంటి ఆటకు వస్తువుగా తీసుకొన్నప్పుడు నిర్వాహకుడు పాటించవలసిన ధర్మాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చీపురుపల్లి వంటి చోట ఈ ప్రశ్న పుస్తకాలకు పరిమితమైనది కాదు. ఒకవైపు విజయనగరం, మరొకవైపు బొబ్బిలి ఉన్న ఈ ప్రాంతపు తరగతి గదిలో ఉభయపక్షాల అభిమానులూ పక్కపక్కనే కూర్చుంటారు.

1. మధ్యవర్తి పాత్ర: పూర్వరంగం

ఈ ఆటకు మూలం సైనికశిక్షణలో ఉంది. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో రూపొందించిన క్రీగ్‌స్పీల్‌లో ఇరుపక్షాల ఆజ్ఞలను విని ఫలితాన్ని ప్రకటించే మధ్యవర్తి ఉండేవాడు. నియమాలు పెరిగి ఆట మందగించగా, 1876లో వెర్డీ దు వెర్నువా పాచికల కన్న అనుభవజ్ఞుడైన మధ్యవర్తి వివేచనకే ప్రాధాన్యమిచ్చాడు. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ ప్రకటించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆ మధ్యవర్తియే కథానిర్వాహకుడయ్యాడు. తీర్పు చెప్పే బాధ్యతకు లోకాన్ని కల్పించే బాధ్యత తోడయింది.

2. వస్తువు: 1757

ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి వశమయ్యాయి. వారి సేనాని బుస్సీకి విజయనగర ప్రభువు పూసపాటి పెద విజయరామరాజు మిత్రుడు. బొబ్బిలి ప్రభువు రంగారావు తన సంస్థానాన్ని విడిచి వేరొక భూమిని స్వీకరించడానికి అంగీకరించలేదు. 1757 జనవరి 24న కోట ముట్టడికి గురైంది. ఓటమి తప్పదని తెలిసి కోటలోని స్త్రీలను, పిల్లలను స్వపక్షంవారే వధించారు. బాలుడైన వారసుడు ప్రాణాలతో మిగిలాడు. కొద్ది రోజులకే విజయరామరాజు తన గుడారంలో హతుడయ్యాడు. ఆ కార్యాన్ని జనశ్రుతి తాండ్ర పాపారాయునికి ఆపాదిస్తుంది. ఈ వృత్తాంతాన్ని గ్రంథస్థం చేసిన ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ ప్రత్యక్షసాక్షి కాడు. జనగాథ బొబ్బిలి పక్షాన నిలిచి పాడుతుంది. కనుక ఏ ఒక్క ఆధారమూ నిర్వాహకునికి సంపూర్ణ సత్యాన్ని అందించదు.

3. నిర్వహణ సూత్రాలు

మొదటిది, ఆరంభస్థానం. ముట్టడినాడు ఆట మొదలుపెడితే ఆటగాళ్లకు మరణించడం తప్ప చేయడానికేమీ మిగలదు. సంస్థానమార్పిడి ప్రతిపాదన వచ్చిన నాటినుంచి మొదలుపెడితే రాయబారం, పొత్తు, కాలయాపన అన్నీ సాధ్యమవుతాయి. నిర్వాహకుడు సిద్ధం చేయవలసినది పరిస్థితిని, ముగింపును కాదు.

రెండవది, ప్రతిపక్షానికి హేతువు. విజయరామరాజును కేవలం దుష్టునిగా చూపితే చర్చ అక్కడితో ఆగిపోతుంది. అతని భయాలను, లెక్కలను ఆటగాళ్లు గ్రహించగలిగినప్పుడే వారి నిర్ణయానికి బరువు వస్తుంది.

మూడవది, పర్యవసానం. ఒక వారం పంపిన లేఖకు మరొక వారం ప్రత్యుత్తరం రావాలి. గత నిర్ణయాలను నిర్వాహకుడు లిఖితపూర్వకంగా భద్రపరచకపోతే క్యాంపెయిన్ విడివిడి ఘట్టాలుగా చెదిరిపోతుంది.

నాలుగవది, హద్దు. కోటలోని సామూహిక మరణాన్ని అభినయింపజేయడం అనవసరం. అటువంటి ఘట్టాలు తెరవెనుక జరగాలా, అసలు ప్రస్తావనకే రాకూడదా అన్నది ఆటకు ముందే అందరినీ అడిగి నిర్ణయించాలి.

ఉపసంహారం

చరిత్రలో బొబ్బిలి పతనం మారదు. ఆటలో మారవచ్చు. ఆ మార్పును అనుమతించలేని నిర్వాహకుడు కథకుడే గాని మధ్యవర్తి కాలేడు. అయితే ఆట ముగిసిన పిమ్మట, కల్పించినదేది, జరిగినదేది అన్న విభజనను స్పష్టంగా చెప్పడం అతని చివరి బాధ్యత. అది లోపిస్తే క్రీడ మరొక పక్షపాత గాథగా మిగులుతుంది. అది నెరవేరితే, బొబ్బిలివైపు మొగ్గిన విద్యార్థి ఒక సాయంకాలమైనా విజయనగరపు కొలువులో కూర్చొని ఆలోచిస్తాడు. చరిత్రబోధన ఆశించే ఫలం కూడ అదే.