గుల్లల్లో లోహ కాలుష్యం: చరిత్ర

ఉప్పుటేళ్లు, నదుల మొగలు, మడ అడవుల బురద మేటలు ఆల్చిప్పలకూ మస్సెల్‌లకూ తదితర గుల్లలకూ పుట్టిళ్లు. అవి తమ చుట్టూ ఉన్న నీటి నుంచి, బురద నుంచి పాదరసం, కాడ్మియం, సీసం, రాగి, జింక్ వంటి లోహాలను ఒంట్లో పోగుచేసుకుంటాయి. ఆ మాంసం తిన్నవారికి కలిగిన కీడు, దాన్ని గుర్తించడానికీ ఆపడానికీ నూరేళ్లకు పైగా జరిగిన ప్రయత్నాలు ఈ వ్యాస విషయం.

చిత్తడి నేలల్లో నీరు నిదానిస్తుంది. ఏరు మోసుకొచ్చిన మెత్తని ఒండ్రు ఉప్పునీరు తగలగానే ముద్దలు కట్టి అడుగుకు దిగుతుంది. లోహాలు ఆ రేణువులను అంటిపెట్టుకునే వస్తాయి. గాలి చొరని నల్లబురదలో గంధకంతో కలిసి సల్ఫైడులుగా మారి ఏళ్ల తరబడి అక్కడే పడి ఉంటాయి. అందుకే మడ అడవిని కాలుష్యాన్ని ఆపే జల్లెడ అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు సగమే నిజం. రేవు లోతు చేయడానికి డ్రెడ్జింగ్ చేసినా, చెరువుల కోసం మడను నరికి తవ్వినా ఆ బురదకు గాలి తగులుతుంది. సల్ఫైడులు విడిపోయి లోహం తిరిగి నీటిలో కలుస్తుంది.

చాలా గుల్లలు ఉన్నచోటు వదిలి దూరం పోవు. ఎదిగిన ఆల్చిప్ప పరిస్థితులు అనుకూలిస్తే రోజుకు నూరు లీటర్లకు పైగా నీటిని మొప్పలతో వడగట్టి తిండి ఏరుకుంటుంది. తిండితోపాటు లోహమూ లోపలికి పోతుంది. దాన్ని మెటలోథయోనిన్ అనే ప్రోటీనుతో బంధించో, కణాల్లో చిన్న చిన్న గుళికలుగా దాచిపెట్టో అది బతికేస్తుంది. చిక్కంతా అక్కడే. చేపలు చచ్చి తేలితే జనం జాగ్రత్తపడతారు. లోహం నిండిన గుల్ల మాత్రం చూపుకు ఆరోగ్యంగానే ఉంటుంది, రుచికీ తేడా తెలియకపోవచ్చు. జాతిని బట్టి తీరు మారుతుంది: ఆల్చిప్పలు రాగినీ జింక్‌నూ విపరీతంగా కూడబెడతాయి, మస్సెల్‌లు జింక్‌ను చాలావరకు అదుపులో ఉంచుకుంటాయి, స్కాలప్‌లకు కాడ్మియం జీర్ణగ్రంథిలో చేరుతుంది.

గుల్లల్లో లోహం ఉందా అన్న ప్రశ్న పంతొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో మొదట రంగు రూపంలో తలెత్తింది. ఫ్రాన్స్‌లోని మారెన్ ఆల్చిప్పలకు మొప్పలు ఆకుపచ్చగా ఉంటాయి, వాటికి గిరాకీ ఎక్కువ. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్ ఆల్చిప్పలూ పచ్చబడేవి. రెండు పచ్చదనాలూ ఒకటేనా? మారెన్ రంగు ఒక సూక్ష్మ నాచు మేత వల్ల వస్తుందని 1886లో రే లాంకెస్టర్ రాశాడు. ఆ రంగు నిరపాయం. రాగి చేరిన తెల్ల రక్తకణాల వల్ల కూడా ఆల్చిప్ప పచ్చబడుతుందని 1897లో రూబర్ట్ బోయ్స్, విలియం హెర్డ్‌మన్ రాయల్ సొసైటీకి నివేదించారు. కార్న్‌వాల్‌లో తగరం, రాగి గనుల నీరు కార్నన్ నది ద్వారా రెస్ట్రాంగెట్ క్రీక్ బురదలోకి చేరేది. ఆ పాటి రంగు హెచ్చరిక కూడా రాగి ఒక్కటే ఇస్తుంది. పాదరసానికీ కాడ్మియానికీ సీసానికీ రంగు లేదు, వాసన లేదు.

పాదరసం సంగతి జపాన్‌లో బయటపడింది. క్యూషూ దీవిలో షిరానుయి సముద్రం ఒడ్డున మినమాతా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి చిస్సో కర్మాగారం 1932 నుంచి 1968 వరకు పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడి ఎసిటాల్డిహైడ్ తయారుచేసి, వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. 1950లలో పిల్లులు పిచ్చిగా గెంతి, గిరగిరా తిరిగి, నీళ్లలో పడి చావడం ఊళ్లో అందరూ చూశారు. 1956 ఏప్రిల్‌లో ఆరేళ్లు నిండని ఒక పాపను నడకా మాటా తడబడుతున్నాయని కర్మాగారం ఆస్పత్రికి తెచ్చారు. ఆ వెంటనే చెల్లెలికీ అదే జబ్బు. వాళ్ల ఇల్లు నీటి అంచునే. ఆ తీరాన పిల్లలు ఆడుకుంటూ ఏరుకొచ్చే గుల్లలే ఇంటి కూర. ఆస్పత్రి అధిపతి హొసోకావా హజిమె మే 1న ఆరోగ్య కేంద్రానికి తెలియజేశాడు. మినమాతా వ్యాధిని అధికారికంగా గుర్తించిన రోజుగా ఆ తేదీనే చెబుతారు.

కారణాన్ని ప్రభుత్వం ఒప్పుకునేదాకా పట్టిన ఆ తరువాతి పన్నెండేళ్లు శాస్త్రం మెల్లగా నడిచినందువల్ల మాత్రమే గడిచిపోలేదు. మినమాతా అఖాతపు చేపలు తినిపించిన పిల్లులు జబ్బుపడతాయని స్థానిక ఆరోగ్య కేంద్రం 1957 ఏప్రిల్‌లోనే తేల్చింది. ఆహార పారిశుధ్య చట్టం కింద ఆ చేపలనూ గుల్లలనూ నిషేధించవచ్చా అని కుమామోటో ప్రాంతీయ ప్రభుత్వం కేంద్ర ప్రభుత్వాన్ని అడిగింది. అఖాతంలోని చేపలూ గుల్లలూ అన్నీ విషపూరితమని చెప్పడానికి స్పష్టమైన ఆధారం లేదు కాబట్టి చట్టం వర్తించదని సెప్టెంబరులో జవాబు వచ్చింది. ప్రతి గుల్లా విషమని రుజువు చేస్తే తప్ప ఒక్క గుల్లనూ ఆపలేమనడమే దాని అర్థం. గుల్లల భద్రత చరిత్రలో ఇంత ఖరీదైన జవాబు ఇంకొకటి కనిపించదు.

1958లో కంపెనీ వ్యర్థాల కాలువను అఖాతం నుంచి నది మొగకు మళ్లించింది. జబ్బు ఆ తీరం పొడవునా పాకింది. 1959లో కుమామోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు కారణం సేంద్రియ పాదరసమని ప్రకటించారు. ఆ ఏడాదే హొసోకావా ఎసిటాల్డిహైడ్ విభాగపు వ్యర్థాన్ని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టాడు, అది జబ్బుపడింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటపెట్టలేదు. డిసెంబరులో ఒక శుద్ధి యంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించింది. కరిగి ఉన్న పాదరసాన్ని తీసే శక్తి దానికి లేదు. 1960ల మొదట్లో విశ్వవిద్యాలయ బృందం అఖాతపు గుల్లల నుంచే సేంద్రియ పాదరసాన్ని వేరుచేసి చూపింది. ప్రభుత్వం కర్మాగారమే కారణమని ఒప్పుకున్నది 1968 సెప్టెంబరు 26న. అప్పటికి ఎసిటాల్డిహైడ్ తయారీ ఆగి నాలుగు నెలలైంది. పది లక్షల పాళ్లలో 25 పాళ్లు (25 పీపీఎం) మించి పాదరసమున్న బురదను తవ్వి, అఖాతంలో కొంత భాగాన్ని పూడ్చి 58 హెక్టార్ల నేలగా మార్చే పని 1990 వరకు సాగింది. చేపలు బయటికి పోకుండా 1974లో కట్టిన వలలను 1997లో తీసేశారు. రోగులుగా అధికారిక గుర్తింపు పొందినవారు రెండు వేల పైచిలుకు. గుర్తింపు కోసం కోర్టుకెక్కినవారు అంతకు ఎన్నో రెట్లు. కట్టడి చేయకుండా ఊరుకున్నందుకు ప్రభుత్వానికీ బాధ్యత ఉందని జపాన్ సుప్రీంకోర్టు 2004లో తీర్పిచ్చింది.

మినమాతాలో జబ్బుకు కారణమైన సేంద్రియ పాదరసం, అంటే మిథైల్ పాదరసం, కర్మాగారంలోనే తయారైంది. మామూలు పాదరసాన్ని గాలిలేని బురదలోని సూక్ష్మజీవులే మిథైల్ పాదరసంగా మార్చగలవని స్వీడన్ శాస్త్రజ్ఞులు యెన్సెన్, యెర్నెలోవ్ 1969లో చూపారు. దాంతో చిత్తడి నేల వట్టి గోదాము కాదనీ, విషాన్ని తయారుచేసే చోటు కూడా కావచ్చనీ తేలింది.

ఆస్ట్రేలియాలో టాస్మేనియా దీవి రాజధాని హోబర్ట్ పక్కన డెర్వెంట్ నది మొగలో మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి జింక్ కర్మాగారం ఉంది. 1970ల మొదట్లో అక్కడి ఆల్చిప్పలు తిన్నవారికి వాంతులయ్యాయి. పరీక్షిస్తే జింక్, కాడ్మియం విపరీతంగా తేలాయి. వ్యర్థాలు ఎంతో తగ్గాక కూడా ఆ మొగలో ఏరిన గుల్లలు తినవద్దన్న సర్కారు సలహా ఎత్తివేయలేదు, బురద ఇంకా మరిచిపోలేదు గనుక. తైవాన్ నైరుతి తీరంలో 1986లో పెంపకపు ఆల్చిప్పలు పచ్చబడ్డాయి. ఎర్రెన్ నది ఒడ్డున పాత లోహపు తుక్కును ఆమ్లంతో కడిగి రాగి తీసే పని దానికి మూలం.

గుల్ల కూడబెట్టే గుణాన్నే కొలబద్దగా వాడుకోవచ్చని అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ 1975లో ప్రతిపాదించాడు. నీటిని ఎన్నిసార్లు పరీక్షించినా ఆ క్షణపు లెక్కే దొరుకుతుంది, గుల్ల మాంసంలో నెలల లెక్క ఉంటుంది. అలా మొదలైన మస్సెల్ వాచ్ అనే పరిశీలనను అమెరికా 1986 నుంచి తీరమంతటా శాశ్వత కార్యక్రమంగా నడుపుతోంది.

తినదగినదేదో తేల్చే హద్దులు ఆ తరువాత వచ్చాయి. గుల్లల మాంసం కిలోకు కాడ్మియం 1 మిల్లీగ్రాము, సీసం 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది యూరోపియన్ యూనియన్ నిబంధన. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం కాడ్మియానికి 2 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది, ఆల్చిప్పలనూ స్కాలప్‌లనూ మాత్రం ఆ లెక్కలోంచి మినహాయిస్తుంది. సీసానికి సురక్షితమైన వారపు మోతాదు చెప్పలేమని ఐక్యరాజ్య సమితి ఆహార, ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం 2010లో పాత హద్దును రద్దుచేసింది. సముద్రపు ఆహారంలోని ఆర్సెనిక్‌లో ఎక్కువ భాగం ఆర్సెనోబెటైన్ రూపంలో ఉంటుంది, అది దాదాపు నిరపాయం. మొత్తం ఆర్సెనిక్ అంకె ఒక్కటి చూపి బెదరగొట్టే వార్తలు ఈ సంగతిని తరచుగా వదిలేస్తాయి.

వంటింట్లో దీనికి విరుగుడు లేదు. ఉడికిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, లోహం చావదు. అమ్మేముందు శుద్ధినీటి తొట్టెల్లో ఒకటి రెండు రోజులు ఉంచే పద్ధతి బ్యాక్టీరియాను కడిగేస్తుంది గాని లోహాన్ని కాదు. కాడ్మియం, పాదరసం తగ్గడానికి శుభ్రమైన నీటిలో వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ముప్పు ఎక్కువ. మినమాతాలో తల్లికి పెద్దగా లక్షణాలు లేకుండానే బిడ్డలు వ్యాధితో పుట్టారు.

పాదరసం వాడకాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం మినమాతా పేరుతోనే 2017లో అమల్లోకి వచ్చింది. భారత్ 2018లో దాన్ని ధ్రువీకరించింది. మన దేశంలో చెన్నై ఉత్తరాన ఎన్నూర్ క్రీక్ థర్మల్ కేంద్రాల బూడిదతో పూడుతూ వచ్చింది, అక్కడి మత్స్యకారులు ఏళ్లుగా పోరాడుతున్నారు. ఆంధ్ర తీరంలో కోరింగ మడ అడవుల పక్కనున్న కాకినాడ అఖాతంలో బుడిత గుల్లలు విస్తారంగా దొరుకుతాయి. వాటి చిప్పలు చిరకాలంగా సున్నపు బట్టీలకు పోతున్నాయి, ఇక్కడి వంటిళ్లలో మాంసం వాడకం కేరళతో పోలిస్తే తక్కువ. ఎగుమతి రొయ్యకు ప్రయోగశాల పరీక్ష ఉంది. ఊరి సంతకు తట్టలో వచ్చే గుల్లల వెంట ఏ ధ్రువపత్రమూ రాదు. కాబట్టి కొనేవారు గుల్ల తాజాదా అని అడగడంతో ఆగకుండా, ఏ మొగలో ఏరారో కూడా అడగాలి. అది రేవు కాలువ గాని, కర్మాగారపు నీరు కలిసే ఏరు గాని, బూడిద చెరువు దిగువ గాని అయితే కొనకపోవడమే మంచిది.