తొమ్మిది ప్రశ్నల నుంచి పుట్టిన కుటుంబశ్రీ

కేరళ మహిళా సంఘాల వ్యవస్థ కుటుంబశ్రీ 1998లో పుట్టిందని అంటాం గానీ, దాని అసలు వయసు అంతకంటే ఎక్కువే. 1998 మే 17న మలప్పురంలో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన మాట నిజమే. నారు పోసింది మాత్రం అలెప్పీలో, 1990ల మొదట్లో.

అది కొబ్బరి పీచు కార్మికుల పట్టణం. ఊరంతా కాలువలే, తాగే నీటికి మాత్రం ఇబ్బంది. తల్లుల, పిల్లల పోషణ కోసం యూనిసెఫ్ తోడ్పాటుతో అక్కడి పురపాలక సంఘం ఒక కార్యక్రమం తలపెట్టింది. సాయం ముందుగా ఎవరికి అందాలి? ఆదాయ ధ్రువీకరణ పత్రంతో తేలే లెక్క కాదది. కూలి డబ్బు సాయంత్రానికే తాగుడుకు పోతే, కాగితం మీది ఆదాయం పిల్లల కంచంలోకి రాదు కదా!

అందుకని తొమ్మిది ప్రశ్నలు తయారయ్యాయి. ఇల్లు పక్కాదా? మంచినీళ్లు అందుతున్నాయా? మరుగుదొడ్డి ఉందా? చదువురాని పెద్దలున్నారా? సంపాదించేవాళ్లు ఒకరికి మించి ఉన్నారా? రెండు పూటలా తిండి గగనమేనా? ఐదేళ్లలోపు పిల్లలున్నారా? తాగుడుకో మత్తుమందులకో బానిసైనవాళ్లున్నారా? దళిత, గిరిజన కుటుంబమా? వీటిలో నాలుగు ఇబ్బందులు ఒక్కచోట చేరితే అది పేద కుటుంబం. రూపాయల ప్రస్తావన ఒక్కదానిలోనూ లేదు. డాక్టరు రాసుకోవలసిన వివరాలే ఎక్కువ.

అడిగేదెవరన్నది అంతకన్నా ముఖ్యం. ఇంటికొక మహిళ చొప్పున చేరిన ఇరుగుపొరుగు సంఘాలే అడిగేవి. పొయ్యిలో పిల్లి లేవని ఇల్లేదో పక్కింటావిడకు తెలిసినంతగా ఏ గుమాస్తాకు తెలుస్తుంది? సంఘంలో ఒకామె ఆరోగ్యం సంగతులు చూసేది. సంఘాల పైన వార్డు సమితి, ఆపైన పట్టణ సమితి. 1994లో ఇదే పద్ధతి మలప్పురం పల్లెలకు వెళ్లింది.

మన డ్వాక్రా సంఘాలు చూసిన కళ్లకు ఇది కూడా పొదుపు సంఘంలాగే కనిపిస్తుంది. తేడా పంచాయతీతో ఉన్న ముడిలో ఉంది. 1996లో మొదలైన ప్రజా ప్రణాళికతో కేరళ ప్రభుత్వం ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు వదిలింది. అందులో పదో వంతు మహిళల కోసం. ఆ డబ్బే లేకపోతే ఎంత మంచి జాబితా అయినా బీరువాలో మూలిగేదే.

తర్వాత పనులు చాలా పెరిగాయి. అంగన్‌వాడీ పసిపిల్లలకిచ్చే అమృతం పోషకాహార పొడిని కుటుంబశ్రీ మహిళలే తయారుచేస్తున్నారు. మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల కోసం 2004లో వెంగానూర్ పంచాయతీలో తొలి బడ్స్ స్కూలు వచ్చింది. అమ్మకు కాసేపు ఊపిరి పీల్చుకునే తీరిక దొరకడం కూడా కుటుంబ ఆరోగ్యమే అని నా అభిప్రాయం.

అలాగని లోటు దాచడం మర్యాద కాదు. సంఘాల్లో పనిచేసే మహిళల శ్రమలో చాలా భాగం జీతం లేనిదే. పాలక్కాడ్ జిల్లా అట్టప్పాడి గిరిజన గూడేల్లో 2013లో పౌష్టికాహారం లేక పసిపిల్లలు చనిపోయిన వార్తలు దేశమంతా చదివింది. కేరళ సగటు అంకెల చాటున ఆ కొండలు అంతకాలం కనబడలేదు. ఆ తర్వాత కుటుంబశ్రీ అక్కడ సామూహిక వంటశాలలు నడిపింది. మామూలు వార్డు సమితుల్లో గిరిజన మహిళల మాట చెల్లదని గ్రహించి, గూడెం స్థాయి నుంచి బ్లాకు దాకా వాళ్లవే అయిన సమితులు విడిగా కట్టింది.