రెండు నాళాలు కలిస్తేనే గర్భసంచి

అర్ధవీడు చుట్టూ నల్లమల అంచు పల్లెల్లో జీవాలు పెంచే ఇళ్లకు కొదవ లేదు. నెల్లూరు జాతి గొర్రె ప్రకాశం జిల్లాకూ సొంతమే. ఆ గొర్రె గర్భసంచికి రెండు కొమ్ములుంటాయి. మేకకూ, బర్రెకూ అంతే. కుందేలుకైతే ఏకంగా రెండు గర్భసంచులు, వాటికి రెండు ముఖద్వారాలు. వాటికది సహజం. ఆడమనిషి గర్భసంచి మాత్రం మామూలుకు భిన్నమైన ఆకారంలో కనిపిస్తే వైద్యులు దానికో పేరు పెడతారు: బైకార్నుయేట్, యూనికార్నుయేట్, డైడెల్ఫిస్, సెప్టేట్. కంభంలోనో మార్కాపురంలోనో స్కానింగ్ చేయించుకున్న ఇల్లాలి చేతికొచ్చే కాగితంలో ఈ మాటల్లో ఒకటి ఉంటే, ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు.

నిజానికి అందరి గర్భసంచీ మొదట రెండుగానే ఉంటుంది. ఆడపిండానికి ఆరో వారం ప్రాంతంలో రెండు సన్నని నాళాలు ఏర్పడతాయి. వాటి కిందిభాగాలు కలిసి గర్భసంచి అవుతాయి. పైభాగాలు ఫాలోపియన్ నాళాలుగా విడివిడిగా మిగులుతాయి. కలిసినచోట నిలిచే నడిమి గోడ ఐదో నెలకల్లా కరిగిపోతుంది. ఒక నాళం ఎదగకపోతే ఒంటికొమ్ము (యూనికార్నుయేట్), రెండూ పూర్తిగా కలవకపోతే రెండు కొమ్ములు (బైకార్నుయేట్), అసలే కలవకపోతే రెండు సంచులు (డైడెల్ఫిస్), గోడ కరగకపోతే సెప్టం ఉన్న సంచి (సెప్టేట్). అరుదైన సంగతేమీ కాదు. అంతకుముందు జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2011 నాటి ఒక సమీక్ష ప్రకారం సాధారణ స్త్రీలలో 5.5 శాతం మందికి, గర్భస్రావాలైన వారిలో 13.3 శాతం మందికి ఇలాంటి తేడా ఏదో ఒకటి ఉంది.

మన పాత వైద్యులకు ఇది బొత్తిగా తెలియని విషయం కాదు. చరక సంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయం 20 యోనివ్యాపత్తులను చెబుతుంది. అందులో ద్వారం అతి సన్నగా ఉండే సూచీముఖి, గర్భాశయం పిండదశలోనే చెడిన షండి పుట్టుకతో వచ్చేవేనని గుర్తించింది. ఆ చూపు గొప్పది. అయితే సూచీముఖికి తల్లి దోషాన్ని కారణం చేయడం, షండి పురుషద్వేషి అనడం నేటి శాస్త్రం ఒప్పని మాటలు. ఆ నింద ఇప్పటికీ మన ఇళ్లలో ‘గొడ్రాలు’ అనే మాటగా బతికే ఉండటం మరీ బాధాకరం.

పిండంలో గర్భసంచిగా మారే ఆ రెండు నాళాలనూ జర్మన్ శాస్త్రవేత్త యొహానెస్ ముల్లర్ 1830లో వివరించాడు. అవి ఆయన పేరుతోనే ముల్లేరియన్ నాళాలయ్యాయి. 1907లో బెర్లిన్ వైద్యుడు పాల్ స్ట్రాస్‌మన్ రెండుగా ఉన్న గర్భసంచిని ఒక్కటిగా కుట్టే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు.

అప్పట్లో మన దగ్గర పరిస్థితి వేరు. అమెరికన్ లూథరన్ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి తెరిచారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, కంభం పల్లెలకు అది ఎంతో దూరం. బిడ్డ అడ్డం తిరిగినా, ఎదురుకాళ్లతో వచ్చినా మంత్రసానే దిక్కు. గర్భసంచి ఆకారం వల్లా అలా జరగవచ్చని ఆమెకు చెప్పేవారెవరు? కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె డాక్టర్ అచ్చమాంబ కాన్పు గురించి, శిశుపోషణ గురించి తేట తెలుగులో పుస్తకం రాయడం అందుకే అంత విలువైన పని.

వైద్యులు పెట్టే ఆ పేర్లలో అన్నిటికన్నా జాగ్రత్తగా విడదీసి చూడాల్సినవి సెప్టేట్, బైకార్నుయేట్. మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో రెండూ ఒకేలా, చీలినట్టు కనిపిస్తాయి. తేడా సంచి పైకప్పులో ఉంది: సెప్టేట్‌కు బయటివైపు నునుపుగా ఉంటుంది, బైకార్నుయేట్‌కు నొక్కుపడి ఉంటుంది. 3డి అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ దాన్ని చూపిస్తాయి. సెప్టం అయితే పొట్ట కోయకుండానే హిస్టరోస్కోపీతో తీయవచ్చు. బైకార్నుయేట్‌ను సాధారణంగా కదిలించరు, చాలామంది దానితోనే బిడ్డలను కంటున్నారు. సెప్టం తీస్తే కడుపు నిలుస్తుందా అన్నది కూడా ఇంకా తేలలేదు. 2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ ట్రయల్‌లో, తీయించుకున్న వారికీ తీయించుకోని వారికీ కాన్పుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా 1988 నాటి అమెరికన్ వర్గీకరణ, 2013 నాటి యూరప్ వర్గీకరణ, 2021లో అమెరికన్లు మళ్లీ సవరించింది అన్నిచోట్లా ఏకీభవించవు. ఒకరి లెక్కలో మామూలు సంచి మరొకరి లెక్కలో సెప్టేట్ కావచ్చు. అందుకే ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఏ కొలతతో ఆ పేరు పెట్టారని అడగడం ఆ ఇల్లాలి హక్కు.

పదిహేనేళ్లు వచ్చినా పెద్దమనిషి కాని పిల్లల సంగతి వేరు. కొందరికి కన్నెపొర మూసుకుపోయి ఉంటుంది, చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి గర్భసంచి ఉండదు, లేదా ఎదగదు. మేయర్, రోకిటాన్‌స్కీ, క్యుస్టర్, హౌజర్ అనే నలుగురి పేర్లతో పిలిచే స్థితి ఇది. అండాశయాలు మామూలుగానే పనిచేస్తాయి. 2014లో స్వీడన్‌లో ఇలాంటి స్త్రీయే మార్పిడి చేసిన గర్భసంచితో బిడ్డను కన్నది. మన దేశంలో తొలి గర్భసంచి మార్పిడి 2017లో పుణెలో జరిగింది.

నెలనెలా బహిష్టు వస్తున్నా నొప్పితో మెలికలు తిరిగే పిల్లలను మాత్రం పెద్దలు తేలిగ్గా తీసుకోకూడదు. రెండు సంచుల్లో ఒకదాని దారి మూసుకుపోయి, రక్తం లోపలే పేరుకుంటూ ఉండవచ్చు. అలాంటివారిలో అదేవైపు కిడ్నీ తరచూ ఉండదు, ఎందుకంటే కిడ్నీ, ఈ నాళాలు పిండంలో ఒకదాన్నొకటి ఆనుకొని పెరుగుతాయి. పసితనంలోనే స్కానింగ్‌లో ఒక్క కిడ్నీ ఉందని తెలిసిన ఆడపిల్ల తల్లిదండ్రులు ఆ కాగితం దాచిపెట్టి, పిల్ల పెద్దమనిషి అయ్యే వయసులో గైనకాలజిస్టుకు చూపించాలి.