కుంచం లెక్క నుంచి డాబా మీది చిప్పు దాకా

ఉగాదికి పంచాంగం విన్నవారికి తెలుసు: ఈ ఏడు ఇన్ని కుంచాల వాన, సముద్రానికి ఇన్ని పాళ్లు, కొండలకు ఇన్ని, నేలకు ఇన్ని. వానకు గింజల కొలత ఏమిటనుకోవద్దు. కౌటిల్యుడు మూరెడు నోరున్న కుండను వాన కొలవడానికి పెట్టమన్నదీ ధాన్యాగారంలోనే. వాన లెక్క మొదటి నుంచీ ఖజానాకు చుట్టం. సేద్యగాడు మాత్రం చెల్కలో మట్టి తీసి చూసి, జానెడు పదునైందనేవాడు.

1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడ్డాక లెక్క క్రమంగా మిల్లీమీటర్లలోకి, పొద్దున ఎనిమిదిన్నర రిజిస్టర్లలోకి ఎక్కింది.

వానకు బీమా మన దేశంలో మొదలైంది పాలమూరు (మహబూబ్‌నగర్) లోనే. 2003లో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, బీమా కంపెనీ ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి 230 మంది పల్లి, ఆముదం రైతులకు పాలసీలిచ్చాయి. పంటను చూసే పని లేదు. రెయిన్ గేజిలో లెక్క తగ్గితే డబ్బు. చిక్కల్లా, గేజి ఒకచోట, చెల్క ఇంకోచోట. చెరువు ఇవతల దంచిన వాన అవతల చినుకైనా రాల్చని సీమ ఇది.

ఆ దశకంలోనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏవో) అండతో, భూగర్భజలాల లెక్కను రైతుల చేతికే ఇస్తూ నడిచిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ పథకం ఉమ్మడి రాష్ట్రంలో ఏడు కరువు జిల్లాలకు వచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ అందులోవే. వానను, బోర్లలో నీటిమట్టాన్ని ఆడా మగా రైతులే కొలిచి ఊళ్లో బోర్డు మీద రాసేవారు. యాసంగికి ముందు కూర్చుని, ఉన్న నీళ్లకు ఏ పంట ఎన్నెకరాలో తేల్చుకునేవారు. ఇవాళ డాబాల మీద పెట్టుకుంటున్న ఇంటి వెదర్ స్టేషన్‌కు అసలు పూర్వీకులు వీళ్లేనంటాను. 2014లో ఈఎస్‌పీ8266 అనే చవక వైఫై చిప్పు రావడంతో ఆ బోర్డు ఫోన్లోకి వచ్చిందంతే.

ఆ స్టేషన్లో వాన కొలిచే యంత్రం చాలా పాతది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో క్రిస్టోఫర్ రెన్ ఊహించిందే. 16 సెంటీమీటర్ల వెడల్పు గరాటు నోరు సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అందులో 20 మిల్లీలీటర్లు పడితే 1 మిల్లీమీటరు వాన. గరాటు కింద త్రాసులా రెండు దొప్పలు. ఒకటి 4 మిల్లీలీటర్లకు నిండి ఒరిగి ఒలికిపోగానే రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒరిగినప్పుడల్లా ఆ దొప్పలకు బిగించిన అయస్కాంతం రీడ్ స్విచ్ ముందు నుంచి పోతుంది, చిప్పు 0.2 మిల్లీమీటర్లు కలుపుకుంటుంది. గరాటులో ఒక వేపాకు అడ్డం పడితే చాలు, కుండపోత కూడా తుంపరగా నమోదవుతుంది.

ఉష్ణోగ్రత సెన్సరుకు గాలాడే నీడ కావాలి. దీపస్తంభాల ఇంజినీరు థామస్ స్టీవెన్సన్ 19వ శతాబ్దంలో చేసిన తెల్ల చెక్కపెట్టె పనిని ఇప్పుడు ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ సాసర్లు చేస్తున్నాయి.

సోలార్ పలకను దక్షిణం వైపు 17 డిగ్రీలు వాల్చితే సరి. ఎండకు మనకు కొదవా! తంటా అంతా ముసురులోనే. కొలవాల్సిన రోజుల్లోనే బ్యాటరీకి తిండి ఉండదు. అందుకని చిప్పును పది నిమిషాలకోసారి లేపి మళ్లీ నిద్రపుచ్చుతారు. నిద్రలో అది దొప్పలను లెక్కించలేదు కాబట్టి ఆ పనికి విడిగా చిన్న కౌంటర్ చిప్పు పెట్టుకోవాలి.