జిగురుతో అతికించిన గెలాక్సీ

లండన్‌లో గ్రేట్ మార్ల్‌బరో స్ట్రీట్‌లో ఒక ఫొటో సామాన్ల దుకాణం ఉండేది. మొదటి ‘స్టార్ వార్స్’ సినిమాకు సెట్ డెకరేటర్‌గా పనిచేసిన రోజర్ క్రిస్టియన్‌కు అక్కడి ఒక పాత పెట్టెలో గ్రాఫ్లెక్స్ కంపెనీ ఫ్లాష్‌గన్ పిడులు దొరికాయి. అవి అమెరికన్ పత్రికా ఫొటోగ్రాఫర్లు ఒకప్పుడు స్పీడ్ గ్రాఫిక్ కెమెరా పక్కన బిగించుకున్న సరంజామా. పూత పెట్టిన ఇత్తడి గొట్టం, లోపల మూడు పెద్ద బ్యాటరీ సెల్స్, పైభాగాన ఎర్ర బటన్. క్రిస్టియన్ ఆ గొట్టానికి టి ఆకారపు నల్ల పట్టీలు సూపర్ గ్లూతో అంటించారు. నడుమ ఉన్న బిగింపు పట్టీలోకి ఒక పాకెట్ కాలిక్యులేటర్‌లో అంకెలను పెద్దవిగా చూపించే బుడగల పట్టీని దూర్చారు. నడుముకు వేలాడదీయడానికి అడుగున ఒక రింగు తగిలించారు. సినిమా హీరో ల్యూక్ స్కైవాకర్ పట్టే కాంతి కత్తి, అంటే లైట్‌సేబర్, పిడి అంతే. ఆ సినిమా కళాదర్శకత్వానికి 1978లో ఆస్కార్ అందుకున్న నలుగురిలో క్రిస్టియన్ ఒకరు.

ఇవాళ అదే పిడికి నకళ్లు గాజుపెట్టెల్లో, నంబరు చెక్కిన పలకతో, లైసెన్సు పత్రంతో వస్తున్నాయి. కొనేవాళ్లు బరువు చూస్తారు, పూత మెరుపు చూస్తారు, అతుకు కనబడకుండా ఉందా అని వేలితో తడిమి చూస్తారు. ఈ కొలతలన్నీ నగల దుకాణానికి సరిపోతాయి గానీ షూటింగ్‌లో వాడే వస్తువుకు, అంటే సినిమా ప్రాప్‌కు, కాదు. 1976లో ఒక కార్ఖానాలో కొందరు చేతిపనివాళ్లు తక్కువ డబ్బుతో, తక్కువ వ్యవధిలో ఏం చేశారో చెప్పే సాక్ష్యంగా ఆ వస్తువును చూడాలి. నకలు ఆ సాక్ష్యాన్ని ఎంత నిజాయితీగా మోస్తోందన్నదే అసలు పరీక్ష. దిద్ది మెరుగుపెట్టిన నకలు ఎంత ఖరీదైనదైనా ఆ పరీక్షలో తప్పుతుంది.

ఈ మాటకు ఆధారం ఆ సినిమా తయారైన తీరులోనే ఉంది. 1976 మార్చి 22న ట్యునీషియాలో షూటింగ్ మొదలైంది, తర్వాత లండన్ శివారు ఎల్‌స్ట్రీ స్టూడియోలో సాగింది. మొత్తం ఖర్చు సుమారు 1.1 కోట్ల డాలర్లు. అన్నీ కొత్తగా తళతళలాడే భవిష్యత్తు దర్శకుడు జార్జ్ లూకస్‌కు అక్కర్లేదు. వాడి అరిగిపోయిన, గీతలు పడిన ప్రపంచం కావాలన్నారు. ఉన్న డబ్బుకు దొరికేదీ అదే. క్రిస్టియన్ పాత విమానాల ఇంజిన్ల తుక్కు కొని, విడదీసి, సెట్ల గోడలకు అంటించారు. ల్యూక్ గురువు ఒబీ-వాన్ లైట్‌సేబర్‌లో రోల్స్ రాయిస్ డెర్వెంట్ జెట్ ఇంజిన్ గొట్టం ముక్క ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ రైఫిల్ గ్రెనేడ్ ఉంది, మెషిన్‌గన్ భాగం ఉంది, వీటి సరసన స్నానాలగది కుళాయి పిడి కూడా ఉంది. విలన్ డార్త్ వేడర్ కత్తి బ్రిటన్‌లో తయారైన ఎంపీపీ కంపెనీ ఫ్లాష్‌గన్. హాన్ సోలో పిస్టల్ జర్మన్ మౌజర్ సీ96, దాని మీద ఒక టెలిస్కోపు. ఆ సినిమాకు వాడిన సోలో పిస్టళ్లలో ఒకటి 2022లో అమెరికాలో వేలానికి వస్తే 10 లక్షల డాలర్లు దాటింది. సుదూర గెలాక్సీ అని ప్రేక్షకులు నమ్మినదంతా ఇరవయ్యో శతాబ్దపు యుద్ధాల, పత్రికల, స్నానాలగదుల తుక్కు. నకలు ఆ తుక్కుతనాన్ని దాచేస్తే వస్తువు మిగులుతుంది, చరిత్ర మిగలదు.

కాబట్టి ల్యూక్ లైట్‌సేబర్ నకలు చేతికొస్తే ముందు అడగాల్సింది, ఇది దేనికి నకలు అని. కథలో ఆ కత్తి ఒకటే, తండ్రి నుంచి కొడుక్కి వచ్చినది. కార్ఖానాలో మాత్రం చాలా ఉన్నాయి. 1977లో వచ్చిన మొదటి సినిమా పిడికి ఏడు నల్ల పట్టీలు, బిగింపులో కాలిక్యులేటర్ బుడగలు. 1980లో వచ్చిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’లో పట్టీలు ఆరు, బుడగల చోట ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు అంచు ముక్క, అడుగున రింగు కూడా వేరే రకం. ఇవి కాక, వెలుగు చూపించడానికి జాన్ స్టియర్స్ స్పెషల్ ఎఫెక్ట్స్ బృందం చేసిన పిడులున్నాయి. లోపల మోటారు, పైన కాంతిని తిప్పికొట్టే పూత అంటించిన గిర్రున తిరిగే కర్ర. ఆరు పట్టీల పిడికి కాలిక్యులేటర్ బుడగలు పెట్టి, దానికి మూడో రకం రింగు తగిలిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది. అలాంటి వస్తువు మాత్రం ఏ రోజూ ఏ సెట్‌లోనూ లేదు. పట్టీలు లెక్కపెట్టడం పిచ్చి పట్టిన అభిమానుల చాదస్తంలా కనిపించవచ్చు. శాసనం ఏ కాలానిదో తేల్చడానికి లిపి పరిశోధకులు అక్షరాల వంపులు లెక్కపెట్టరా? పని అదే.

సినిమా చూసినవాళ్లకు ఆ పిడి తెర మీద కొన్ని క్షణాలే కనబడింది, వాళ్ల జ్ఞాపకంలో ఉన్నది మెరిసే వస్తువే, కాబట్టి నకలు ఆ జ్ఞాపకానికి నమ్మకంగా ఉంటే చాలదా అని ఎవరైనా అనవచ్చు. చాలు, బొమ్మకైతే. జ్ఞాపకానికి డబ్బు పెట్టేవాళ్లకు ప్లాస్టిక్ బొమ్మ తక్కువ ధరకే ఆ పని చేస్తుంది. పది రెట్లు ఎక్కువ పెట్టి కొనేవాళ్లకు అదనంగా దొరకాల్సింది జ్ఞాపకం కాదు, సమాచారం. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకుంది. ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్‌లోని ఎంటర్‌ప్రైజ్ నౌక షూటింగ్ మోడల్, 11 అడుగుల పొడవు, 1974లో అక్కడికి చేరింది. 1991లో దాన్ని బాగుచేసినప్పుడు ఒంటి మీద గళ్ల గీతలు కొట్టొచ్చినట్టు వేశారు. అభిమానులు గగ్గోలు పెట్టారు. 2016లో పూర్తయిన కొత్త పరిరక్షణలో ఆ గీతలు పోయాయి. లోపలి దీపాలకు వైర్లు వెళ్లే ఎడమ పక్క షూటింగ్ కాలంలో ఎలా అలంకరణ లేకుండా ఉందో అలాగే వదిలేశారు. కెమెరా ఎప్పుడూ కుడి పక్కే చూసింది మరి. రెండు పక్కలా పూర్తిచేసి అమ్మే నకళ్లు అందంగా ఉంటాయి. ఆ నౌకను కెమెరా ముందు ఎలా నిలబెట్టారో మాత్రం అవి చెప్పలేవు.

లైసెన్సు పత్రం ఉంటే నమ్మవచ్చు కదా అన్నది మరో మాట. పత్రం చెప్పేది అమ్మే హక్కు ఎవరిదన్నదే. చేసినవాళ్ల చేతికీ హక్కుకీ ఎంత దూరమో ఒక కేసు తేల్చింది. 1976లో ‘స్టార్ వార్స్’లోని స్టార్మ్‌ట్రూపర్ సైనికుల హెల్మెట్లను, ప్లాస్టిక్ రేకును వేడిచేసి, గాలిని పీల్చేసి అచ్చుకు అతుక్కునేలా చేసే పద్ధతిలో తయారుచేసినది ఆండ్రూ ఐన్స్‌వర్త్. 2004లో ఆయన వాటి నకళ్లు అమ్మడం మొదలుపెట్టారు. లూకస్ కంపెనీ లూకస్‌ఫిల్మ్ దావా వేసింది. 2006లో అమెరికా కోర్టు 2 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. 2011 జూలైలో బ్రిటన్ సుప్రీంకోర్టు, ఆ హెల్మెట్ శిల్పం కాదు కాబట్టి శిల్పానికుండే కాపీరైట్ రక్షణ దానికి వర్తించదని తీర్పిచ్చింది. అయితే అమెరికా కాపీరైట్ ఉల్లంఘన సంగతి బ్రిటన్ కోర్టులు విచారించవచ్చని కూడా అంది. (ఆయన అమ్మిన హెల్మెట్ల అచ్చులు 1976 నాటివేనా అన్నది వేరే తగువు.) తీర్పులోని తర్కం కలెక్టర్లు కూడా చదవదగ్గది. కళాఖండం సినిమా, హెల్మెట్ దాన్ని తీయడానికి వాడిన పనిముట్టు. పనిముట్టులో మనం వెతకాల్సినవి దాన్ని చేసిన, వాడిన ఆనవాళ్లే. అసలు హెల్మెట్ ముఖం ఎడమ కుడి సమానంగా ఉండదు, చారలు చేత్తో వేసినవి. కంప్యూటర్‌లో సగం ముఖం తీసుకుని అద్దంలోలా తిప్పి అతికించిన నకలు లైసెన్సుతో వచ్చినా ఆ ఆనవాళ్లను తుడిచేసినట్టే.

అసలు ఫ్లాష్‌గన్‌నే కొని దాని మీద పట్టీలు అంటిస్తే అంతకన్నా నిజమైనది ఏముంటుంది? ఇది గట్టి వాదన, చాలామంది పాటించిందీ ఇదే. దీనికి రెండు చిక్కులున్నాయి. ఆ ఫ్లాష్‌గన్లు అన్నీ ఒకటి కాదు. కంపెనీ పేరు 1945 దాకా ఫోల్మర్ గ్రాఫ్లెక్స్, తర్వాత గ్రాఫ్లెక్స్, ముద్రలూ బటన్లూ కాలాన్ని బట్టి మారాయి. పాత వస్తువు కాబట్టి అదే వస్తువు అయిపోదు. రెండోది ఇంకా బరువైనది. రోచెస్టర్‌లోని ఆ కంపెనీ 1973లో మూతపడింది, కొత్తవి ఇక రావు. ఇవో జిమా కొండ మీద జెండా పాతుతున్న సైనికుల ఫొటోను 1945లో జో రోసెంతాల్ తీసింది స్పీడ్ గ్రాఫిక్‌తోనే. ఆ తరం పత్రికా ఫొటోగ్రఫీకి కెమెరా ఎంతో ఫ్లాష్‌గన్ అంత. స్టార్ వార్స్ అభిమానుల గిరాకీతో వాటి ధరలు పెరిగాయి, పాత కెమెరాలు సేకరించేవాళ్లకు పిడి పోయిన స్పీడ్ గ్రాఫిక్‌లు మిగిలాయి. ఒక చరిత్రను కాపాడడానికి ఇంకో చరిత్రను రంపంతో కోయడం నాకు సమ్మతం కాదు. కొత్త లోహంతో, పాత కొలతలకు, పాత పద్ధతిలో చేసిన గొట్టమే మేలు.

ఇక్కడ నా వాదన మీదికే ఒక ప్రశ్న వస్తుంది. లోపాలతో సహా అన్నీ దించేస్తే నకలుకూ దొంగ సరుకుకూ తేడా ఎక్కడ? డార్త్ వేడర్ ద్వంద్వ యుద్ధాల్లో వాడిన లైట్‌సేబర్ 2025 సెప్టెంబరులో 36 లక్షల డాలర్లకు పైగా పలికిన మార్కెట్ ఇది. వేలం సంస్థలు ప్రాప్ అసలైనదని తేల్చడానికి సినిమా ఫ్రేముల్లో కనిపించే ఫలానా గీతను, ఫలానా సొట్టను వస్తువు మీద వెతికి సరిచూస్తాయి. ఆ గీతలను లేజర్ స్కాన్‌తో దించిన నకలు రేపు ఆ సాక్ష్యాన్నే పాడుచేస్తుంది. అందుకే గీటు ఇక్కడ గీయాలి: పద్ధతిని దించాలి, ప్రమాదాన్ని దించకూడదు. పట్టీలు చేత్తో అంటించాలి, అవి కాస్త వంకరగా కూర్చుంటే కూర్చోనివ్వాలి. షూటింగ్‌లో కింద పడ్డప్పుడు ఏర్పడిన సొట్ట మాత్రం అసలు వస్తువుకే ఉండాలి. తయారీదారు పేరు, సంవత్సరం చెరగకుండా చెక్కి ఉండాలి. బయట చెక్కితే రూపం చెడుతుందనేవాళ్లకు గొట్టం లోపలి గోడ ఉంది. అడుగు మూత విప్పి చూపించడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయవచ్చు.